రెండో డబ్బా వాళ్ల ముద్దలు

ఒకటో రోజు

డాక్టరమ్మ ఈ పుస్తకం నా చేతికిచ్చి, పళ్లేల తూకాలతో పాటు కంటపడ్డదంతా రాయమంది. నాకు అంకెలు రాయడం వచ్చుగానీ ముచ్చట్లు రాయడం రాదన్నాను.

"అంకెలొక్కటే నాకు సరిపోవు మల్లన్నా. ఎవరు మూతి ముడిసిన్రు, ఎవరు కండ్లనీళ్లు పెట్టుకున్నరు, అదిగూడ రాయాలె" అంది.

సరే, రాస్తున్నాను. నా పేరు దుర్గం పోశమల్లు. పైన ఎండకు మనుషులు నిలవలేక ఈ పాత బొగ్గు బాయిలోకి దిగి ఇరవై రెండేళ్లయింది. దిగిన మొదటి రోజు నుంచి పెద్ద వంటశాలలో కాంటా నాదే. కరువేళ్లలోనూ నేనే తూచాను, ఇప్పుడు గొట్టపు దీపాల కింద వరి పండుతున్నా నేనే తూస్తున్నాను. నా తూకానికి వంక పెట్టిన మనిషి లేడు.

అన్నం ఉంది. తినేవాళ్లే లేరు. కరువు నడిచిన పదకొండేళ్లూ బాయిని నడిపే కమిటీ పొద్దుపొద్దున్నే అందరికీ ఓపిక బిళ్ల ఇచ్చేది. అది వేసుకుంటే గుండె దడదడలాడేది, చేతులు కొద్దిగా వణికేవి, కానీ ఆకలి ఊసుండేది కాదు. సగం కూటితో పూర్తి షిఫ్ట్ చేసేవాళ్లం. బిళ్ల ఆపి ఎనిమిది నెలలైంది. చేతుల వణుకు పోయింది, ఆకలి మాత్రం రాలేదు. నాకు కొంచెం నయం, పావు పళ్లెం అయినా లోపలికి పోతుంది. చాలామందికి అన్నం చూస్తేనే గొంతు మూసుకుపోతుంది.

డాక్టరమ్మ ఫర్హానా దీన్ని నాకర్థమయ్యేలా చెప్పింది. బాయిలో ప్రమాదం సైరన్ మోగితే ఎవరికి అన్నం గుర్తుంటుంది? బిళ్ల ఒంట్లో ఆ సైరన్ మోగించింది. బిళ్ల పోయినా సైరన్ ఆగలేదు. దాన్ని వినే చెవులు ఒంట్లో రెండు రకాలట. ఒక మందు మొదటి రకం చెవులు మూస్తుంది, ఇంకో మందు రెండో రకం మూస్తుంది. ఏ చెవులు మూస్తే ఆకలి తిరిగొస్తుందో తేల్చడమే ఈ పరీక్ష.

మొత్తం ఇరవై నాలుగు మంది. డబ్బాకు ఎనిమిది మంది చొప్పున మూడు డబ్బాలు. రెండింట్లో మందులు, ఒకదాంట్లో ఉత్త సుద్ద. బిళ్లలన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఏ డబ్బానో డాక్టరమ్మకూ తెలియదు, కమిటీ దగ్గర కవర్లో సీలు వేసి ఉంది.

పళ్లేనికి నాలుగు వందల గ్రాములు పెట్టాలి. మిగిలింది నేను తూచాలి. ఇవాళ మూడు డబ్బాల వాళ్లూ దాదాపు ఒకేలా, తలకు నూట తొంభై చొప్పున మిగిల్చారు.

మా ఇంటిది మధునమ్మ రెండో డబ్బాలో ఉంది. ఆమె బరువు ముప్పై మూడు కిలోల నాలుగు వందలు. ముప్పై రెండు దాటి కిందికి పోతే గుండె ఆగిపోవచ్చని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు చేతులాడటం లేదు.

నాలుగో రోజు

చెప్పుకోవడానికేమీ లేదు. మూడో డబ్బాలో ఒకతనికి తల తిరిగిందట, పడుకోబెట్టారు. వంట సారక్క పప్పులో చింతపండు ఎక్కువేసింది. అన్నం పుల్లగా ఉంటేనైనా తింటారేమోనని వేసిందట. పరీక్ష నడుస్తుంటే పప్పు మార్చకూడదని చెప్తే నా మీదే గయ్యిమంది.

మధునమ్మ పళ్లెంలో రెండు వందల ముప్పై మిగిలింది. మొదటి రోజుకంటే నలభై ఎక్కువ.

ఆరో రోజు

ఏదో తేడా కొడుతోంది. ఒకటో డబ్బా వాళ్లు మొదటి రోజున్నట్టే ఉన్నారు. మూడో డబ్బా వాళ్లు కాస్త ఎక్కువ మిగిలిస్తున్నారు, రెండు వందల పది. రెండో డబ్బా వాళ్లు మాత్రం రోజురోజుకూ తినడం తగ్గిస్తున్నారు. ఇవాళ తలకు రెండు వందల అరవై మిగిల్చారు.

ఇంకోటి. రెండో డబ్బా వాళ్లు మిగిల్చిన అన్నాన్ని వదులుగా వదిలేయడం లేదు. గుండ్రటి ముద్ద చేసి పళ్లెంలో ఒక పక్కన పెడుతున్నారు. కాంటా మీద పెట్టడానికి నాకు వీలుగానే ఉంది. కానీ ఎనిమిది మందీ ఎందుకలా చేస్తున్నారో బోధపడలేదు. ఒకాయనను అడిగితే నేల చూపులు చూస్తూ "ఊకెనే" అన్నాడు.

ఇంట్లో మధునమ్మను అడిగాను.

"ఎందుకే తింటలేవు? డాక్టరమ్మ ఏం జెప్పింది నీకు?"

"ముద్ద దిగుతలేదు."

"ఒక్క ముద్దన్న ఎక్కువ తినరాదే."

"దిగుతలేదంటున్న గద" అని అటు తిరిగి పడుకుంది. నాకు కోపం రాలేదు. భయమేసింది.

ఏడో రోజు

ఇవాళ మనుషుల తూకం. నా బుర్ర గిర్రున తిరిగింది.

ఒకటో డబ్బా వాళ్లు సగటున మూడు వందల గ్రాములు తగ్గారు. మూడో డబ్బా వాళ్లు నాలుగు వందలు తగ్గారు. అందరికంటే తక్కువ తింటున్న రెండో డబ్బా వాళ్లు అర కిలో పెరిగారు.

మధునమ్మ ముప్పై మూడు కిలోల తొమ్మిది వందలుంది. రెండుసార్లు ఎక్కించి దించాను. బట్టల్లో ఏమన్నా ఉందేమోనని కొంగు దులిపించాను. ఏమీ లేదు.

డాక్టరమ్మ కాగితం లాక్కుని కూడికలు మళ్లీ వేసి చూసింది. "తినేది తక్కువైంది, బరువు ఎక్కువైంది. ఇట్లెట్లయితది మల్లన్నా? నీ కాంటా మంచిగుందా?"

ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎనిమిదో రోజు

మొదటి షిఫ్టంతా కాంటాలు పరీక్షించడంతోనే సరిపోయింది. పాత ఇనుప రాళ్లన్నీ బయటికి తీసి, తుడిచి, పళ్లేల కాంటా మీదా మనుషుల కాంటా మీదా పెట్టి చూశాను. గ్రాము తేడా లేదు. కాంటాల తప్పు కాదని డాక్టరమ్మకు చెప్పి సంతకం పెట్టించుకున్నాను.

ఒంట్లో నీరు పడుతోందేమోనని ఆమె రెండో డబ్బా వాళ్ల కాళ్లు నొక్కి చూసింది. వాపు లేదు. నాడి చూస్తే నెమ్మదిగా, నిమ్మళంగా ఉందట. ఈ బాయికి వచ్చాక అలాంటి నాడి చూడలేదంది. మందు చెవులు మూసిందన్నమాటే. మరి ఆకలేదీ?

నేను సారక్క దగ్గరికి పోయి, రెండో డబ్బా వాళ్లకు చాటుగా ఏమన్నా పెడుతున్నావా అని అడిగాను.

"ఏం మాట్లాడుతున్నవన్నా? నీ కండ్లముంగట తూచి పెడ్తలేనా? నీకు తెల్వకుండ ఈ వంటశాలల ఒక్క మెతుకు ఎన్నడన్న కదిలిందా?" అంది.

అదీ నిజమే. నేను ముఖం వేలాడేసుకుని వచ్చేశాను.

పదో రోజు

రెండో డబ్బా మిగులు తలకు రెండు వందల ఎనభైకి చేరింది. కమిటీ వాళ్లు బెదిరి సీలు కవరు ముందుగానే తెరిపించారు.

ఒకటో డబ్బాది సుద్ద. మూడోది మొదటి రకం చెవులు మూసే మందు. రెండోది రెండో రకం చెవులు మూసే మందు. అంటే నా పుస్తకం ప్రకారం ఉత్త సుద్ద తిన్నవాళ్లే అందరికంటే ఎక్కువ అన్నం తిన్నారు.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. రెండో మందు మీదే ఆమె ఆశలన్నీ. "నేను అంతా ఉల్టా అర్థం చేసుకున్ననా?" అని నన్నడిగింది. నన్నడిగితే నేనేం చెప్తాను? నేను ఐదో తరగతి చదివినవాణ్ని.

పదమూడో రోజున కమిటీ కూర్చుంటుంది. తూకాలు ఇలాగే ఉంటే మందులు రెండూ ఆపేస్తారు. వాటి తయారీకి పెట్టిన సీసాలూ పొయ్యిలూ వేరే పనికి మళ్లిస్తారు. మళ్లీ మొదలుపెట్టాలంటే రెండేళ్లు పడుతుందంది డాక్టరమ్మ. రెండేళ్లు మధునమ్మ ఎక్కడుంటుంది? ఈ మందు మంచిదో చెడ్డదో నాకు తెలియదు. బరువు చూస్తే ఉండనీ అనిపిస్తుంది, పళ్లెం చూస్తే ఆపమని మొత్తుకోవాలనిపిస్తుంది. ఏది కోరుకోవాలో తెలియని స్థితి పగవాడికి కూడా వద్దు.

పదకొండో రోజు

తూచిన మిగులంతా నేను వెనక వరండాలో డ్రమ్ములో పోస్తాను. రెండో షిఫ్ట్ అయ్యాక దాన్ని పుట్టగొడుగుల మడికి తోలుతారు, ఎరువుకి. ఇవాళ మడి దగ్గర మనిషి వచ్చి, ఈ మధ్య డ్రమ్ము తేలిగ్గా వస్తోందని గొణిగాడు.

నాకు చిర్రెత్తుకొచ్చి నేనే డ్రమ్ము వెంట పోయి తూచాను. పొద్దున పుస్తకంలో రాసిన మిగులు ఐదు కిలోల నాలుగు వందల నలభై. మడి దగ్గర డ్రమ్ములో ఉన్నది మూడు కిలోల రెండు వందల ఇరవై.

రెండు కిలోల రెండు వందల ఇరవై గ్రాములు ఏమైనట్టు? ఎలుకలు అనుకుందామంటే బాయిలో ఎలుకనేది చూసి పదకొండేళ్లు దాటింది. కరువులో మొదట పోయినవి అవే.

ఇంటికొచ్చి కూర్చున్నాక తట్టింది. రెండో డబ్బా వాళ్ల మిగులు తలకు రెండు వందల ఎనభై. ఎనిమిది మందికి రెండు కిలోల రెండు వందల నలభై. పోయినదానికీ దీనికీ తేడా ఇరవై గ్రాములు. ముద్దల నుంచి రాలి డ్రమ్ము గోడకు అంటుకుపోయే మెతుకులు అంతే ఉంటాయి.

 రేపు డ్రమ్ము దగ్గర కాపు కాయాలనుకున్నాను.

పన్నెండో రోజు

భోజనాలయ్యాక డ్రమ్ము వరండాలో పెట్టి, కట్టెల గది తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. ఎక్కువసేపు పట్టలేదు.

మొదట రెండో డబ్బా మొండక్క వచ్చింది. తర్వాత బండ్లు లాగే హాలేజ్ యంత్రం నడిపే రాయమల్లు. ఆ వెనక ఇంకో ఐదుగురు. చివరన మధునమ్మ. రేషన్ దగ్గర నిలబడ్డట్టు వరుస కట్టారు. తోసుకోలేదు, మాట్లాడుకోలేదు. ఒక్కొక్కరు డ్రమ్ములో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసుకున్నారు. తమ ముద్దే. పక్కవాళ్ల ఎంగిలి ముట్టలేదు. ఎవరి ముద్ద ఎవరిదో గుర్తుండటానికి దాని నెత్తిన వేలి గుర్తు కూడా పెట్టుకున్నారు. గోడ వైపు తిరిగి, నమలకుండా మింగినట్టు, ఆత్రంగా తిన్నారు. రాయమల్లు కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తినడం మాత్రం ఆపలేదు.

మధునమ్మ తిని వేళ్లు నాకుతుంటే ఉండబట్టలేక బయటికి వచ్చాను.

ఎనిమిది మందీ గోడకు అతుక్కుపోయారు. మధునమ్మ రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. నన్ను చూసి కాదు, కాంటా పోశమల్లును చూసి దాచుకుంది. ఆ చూపు నాకు తెలుసు. కరువేళ్లలో రోజూ నా కాంటా ముందు చూసిన చూపే.

ఆ సంగతి ఇంతవరకు రాయలేదు. రాయాల్సినదని తోచలేదు కూడా. కరువేళ్లలో నేను పళ్లేలు తూచింది ఎవరికెంత మిగిలిందో తెలుసుకోవడానికి కాదు. ఎవరి పళ్లెం ఖాళీ అయిందో కనిపెట్టడానికి. పళ్లెం ఊడ్చి తిన్నారంటే వాళ్లకు బిళ్ల పనిచేయట్లేదని, ఆకలి ఉందని లెక్క. నేను పుస్తకంలో వాళ్ల పేరు పక్కన గీత గీసేవాణ్ని. మర్నాటి నుంచి ఒక నెల వాళ్లకు రెండేసి బిళ్లలు. ఆకలున్నవాడు పదిమంది నోటి దగ్గరిది గుంజుకుంటాడని కమిటీ మైకులో చెప్పేది. మేమంతా నమ్మాం. నాకు ఆకలైతుందని ఒకరు పైకి అన్నారంటే పక్కవాళ్లు జరిగి కూర్చునేవారు.

ఆ కాంటానే తెచ్చి, ఆ మనిషినే కూర్చోబెట్టి, ఆకలి వచ్చినవాళ్లను మీరెంత తింటారో చూపించండి అన్నాం. ఆకలి రానివాళ్లకు భయం లేదు కాబట్టి డాక్టరమ్మ మీది గౌరవంతో సగం తిన్నారు. ఆకలి వచ్చినవాళ్లు దాచుకున్నారు. ఎంత ఆకలైతే అంత దాచుకున్నారు.

"ఎన్ని రోజులైంది ఆకలి వట్టి?" అని అడిగాను. 

 మొండక్క అంది, "మూడో రోజు నుంచే అన్నా. డబల్ బిళ్లలు ఇస్తవా మళ్ల?"

పన్నెండో రోజు, తర్వాత

పరుగున పోయి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది.

"అంటే ఎనిమిది మంది పూర పళ్లెం తింటున్నరు. నాలుగు వందలకు నాలుగు వందలు."

"డ్రమ్ము తూకం ఉన్నది. సంతకం పెట్టి ఇస్త."

"డ్రమ్ము తూకం సాలదు మల్లన్నా. ఆకలైనోళ్లు ఎందుకు దాసుకుంటరు అని కమిటీ అడుగుతది. గీతల సంగతి నువ్వే జెప్పాలె. కమిటీల సగం మంది ఆ మైకుల మాట్లాడినోళ్లే."

ఆమె కరువు తర్వాత వేరే బాయి నుంచి వచ్చిన మనిషి. గీతల సంగతి ఇవాళే మొదటిసారి విన్నది. నా వైపు ఒకలా చూసింది. ఆ చూపుకు నేను తగినవాణ్నే.

పదమూడో రోజు

కమిటీ ముందు చెప్పాను. మైకు ఆన్‌లో ఉంచి, బాయి అంతా వినేటట్టు చెప్పమంది డాక్టరమ్మ.  కరువేళ్లలో ఎవరెవరికి గీత గీశానో పాత పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. పేర్లు చదవలేదు. ఎన్ని గీతలో మాత్రం చెప్పాను. రెండు వేల నూట నాలుగు.

అధ్యక్షుడు తల దించుకుని, "మేం జెప్తెనే నువ్వు గీసినవు" అన్నాడు. ఆ మాట నాకు ఊరట అవుతుందనుకున్నాను. కాలేదు. గీసిన చెయ్యి నాది.

రెండో మందు అందరికీ ఇవ్వాలని తీర్మానించారు. వంటశాలలో కాంటా తీసేయాలని కూడా. సారక్క ఎవరి పళ్లెంలో ఎంత పెట్టాలో అంత పెడుతుంది. మనుషుల బరువు డాక్టరమ్మే చూసుకుంటుంది. నాకు పుట్టగొడుగుల మడిలో పని ఇచ్చారు. ఈ పుస్తకం మాత్రం పదిహేనో రోజు దాకా రాయమన్నారు.

పద్నాలుగో రోజు

మధునమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. ఇవాళ మొదటి షిఫ్ట్ అయ్యాక సారక్క దగ్గర నుంచి గిన్నె నిండా అన్నం, పప్పు తెచ్చి మధ్యలో పెట్టి, నాకు ఎదురుగా కూర్చుంది.

"మైకుల అన్ని గీతలు జెప్పినవు. నా పేరు మీద గూడ గీసినవా?"

అబద్ధం చెప్పవచ్చు. పాత పుస్తకాలు కమిటీ బీరువాలో ఉన్నాయి, ఎవరూ తెరిచి చూడరు. నోటి దాకా వచ్చింది కూడా.

"మూడుసార్లు" అన్నాను.

"నువ్వే తెచ్చి ఇచ్చినవు గద ఆ రెండో బిళ్ల. కమిటీ అందరికి పెంచిందని జెప్పి."

"అవు."

"ఎందుకు?"

 పెళ్లామని వదిలేస్తే నా తూకం మీద నమ్మకం పోతుందనుకున్నాను. అదే చెప్పాను. చెప్తుంటే ఎంత సిగ్గనిపించిందో రాయడానికి నాకు రావడం లేదు. బాయిలో అందరికంటే తేలికైన మనిషి మా ఇంట్లోనే ఎందుకుందో ఇన్నేళ్లూ నేనే డాక్టర్లను అడుగుతూ తిరిగాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పళ్లెం ముందుకు లాక్కుంది. గిన్నెలోంచి తానే వడ్డించుకుంది, ఒకటికి రెండు గంటెలు, ఆ పైన ఇంకొకటి. నా కళ్లల్లోకి చూస్తూనే తినడం మొదలుపెట్టింది. గోడ వైపు తిరగలేదు. తొందరపడలేదు. ప్రతి ముద్దా నమిలి తిన్నది. మధ్యలో ఒకసారి మెతుకులు కింద పడ్డాయి, ఏరుకుని తిన్నది. నేను తల తిప్పుకోబోతే "ఇటు సూడు" అంది. చూశాను.

పప్పు అంటిన చోటల్లా వేలితో తుడిచి నాకింది. తర్వాత ఆ పళ్లెం నా ముందుకు తోసింది.

"రాస్కో" అంది.

రాశాను. మధునమ్మ, రెండో డబ్బా. పెట్టుకున్నది ఎంతో తూచలేదు. మిగిలింది ఏమీ లేదు.